ఎలుగమ్మ తొట్టి, మూడొందల లైకులు

అనగనగా ఒక అడవి. అక్కడ ఎండాకాలం వచ్చిందంటే వాగు ఒక్కదాంట్లోనే నీళ్ళుండేవి. అదేమో చాలా దూరం. ముసలివాళ్ళూ కుంటివాళ్ళూ అంత దూరం నడవలేరు కదా! వాళ్ళ కోసం తాయారు అనే ఎలుగుబంటి దారిలో ఒక రాతి తొట్టి పెట్టింది. సొరకాయ బుర్రలతో నీళ్ళు మోసి అందులో పోసేది. మోసీ మోసీ పాపం దాని నడుము పడిపోయింది. అయినా తొట్టి సగమే నిండేది.

ఒకరోజు చిదంబరం అనే కొండముచ్చు ఫోను ఊపుకుంటూ వచ్చింది.

"అక్కా, ఈ కాలంలో సేవ చేస్తే చాలదు, చూపించాలి. అడవి గ్రూపులో పెడదాం. సాయం దానంతటదే వస్తుంది" అంది.

మొదటిరోజు తాయారు నెత్తిన బుర్ర పెట్టుకుని నవ్వుతూ ఫోటో దిగింది. మూడొందల లైకులు! సాయానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

రెండోరోజు పాట పెట్టి వీడియో తీశారు. "మీ సేవకు జోహార్లు" అని ఏనుగు రాసింది. కుందేళ్ళు దండాల బొమ్మలు పంపాయి. తాయారుకు కడుపు నిండింది. తొట్టి నిండలేదు.

మూడోరోజు చిదంబరం లైవ్ పెట్టింది. ఓబులమ్మ అనే ముసలి తాబేలు తెల్లవారుజామున బయల్దేరి, మిట్టమధ్యాహ్నానికి తొట్టి చేరింది. ఆత్రంగా మెడ చాచింది.

"ఆగవ్వా, ఎండ కెమెరాలో పడుతోంది" అంది చిదంబరం.

అవ్వ మళ్ళీ మెడ చాచింది.

"ఆగవ్వా, తాయారక్క ముఖం కనబడటం లేదు."

మూడోసారి చాచింది.

"ఆగవ్వా, కాస్త కన్నీళ్ళు పెట్టుకుని తాగు!"

అవ్వ అక్కడే కూలబడిపోయింది.

తాయారు బొట్టు సర్దుకోవడం మానేసి, పరుగున వెళ్ళి అవ్వ నోట్లో నీళ్ళు పోసింది. కాసేపటికి అవ్వ కళ్ళు తెరిచింది.

"నాకు దాహమేసిందే తల్లీ. నటన రాదు" అంది నీరసంగా.

"అయ్యయ్యో, అందరూ చూసేశారు! ఇది తీసేస్తానక్కా, మన పరువు పోతుంది" అంది చిదంబరం.

"తీయొద్దు" అంది తాయారు. సిగ్గుతో దాని ముఖం ఎర్రబడింది. ఫోను ముందుకొచ్చి నిలబడింది.

"చూశారుగా, తప్పు నాదే. నన్ను మెచ్చుకోవద్దు. ఈ తొట్టి నిండటానికి రోజుకు ఇరవై బుర్రల నీళ్ళు కావాలి. నేను పదే మోయగలను. వాగు ఒడ్డున ఖాళీ బుర్రలు పెడతాను. నీళ్ళకొచ్చేవాళ్ళు తలా ఒకటి తెచ్చి పోయండి" అంది.

మర్నాడు పొద్దున్నే తొట్టి దగ్గర సందడే సందడి. జింకలొచ్చాయి. కుందేళ్ళు రెండేసి కలిసి ఒక్కో బుర్ర మోసుకొచ్చాయి. ఏనుగు తొండం నిండా నీళ్ళు తెచ్చింది.

"ఇన్నాళ్ళూ రాలేదేం వదినా?" అని ఏనుగును అడిగింది తాయారు.

"నువ్వు చెబితేగా! ఫోటోలో ఇకిలిస్తూ నిలబడితే నీళ్ళు బోలెడున్నాయి కాబోలు అనుకున్నాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మేమేం పెడతాం?" అంది ఏనుగు.

ఆ తర్వాత చిదంబరం రోజూ తొట్టినే ఫోటో తీసి పెట్టేది. కింద ఆ పూటకు ఎన్ని తక్కువో ఒక్క ముక్కే రాసేది: "ఇంకా మూడు బుర్రలు తక్కువ." లైకులు పదికి పడిపోయాయి. తొట్టి మాత్రం రోజూ అంచుదాకా నిండేది.

నీతి: సాయం కోరేటప్పుడు మన గొప్ప కాదు, ఎదుటివారి అవసరం చూపించాలి. ఏం కావాలో నోరు తెరిచి అడగాలి.