జెముడు పండు తిన్న కవి

ఉడుముల గుట్ట మీద చెట్లకన్నా బండలు, గుండ్లు ఎక్కువ. వాన చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. అయినా ఆ గుట్ట జంతువులకు దాని మీద ఎంత అభిమానమంటే, పక్క అడవిలో పచ్చగడ్డి ఉందని ఎవరైనా చెబితే ముఖం తిప్పుకుంటాయి.

ఆ గుట్ట మీద ఓబులమ్మ అనే నల్లమేక ఉండేది. మేస్తూ మేస్తూ తనలో తాను పాటలు కట్టుకునేది. వాటిలో ఆమెకు బాగా ఇష్టమైనది ఇది:

గుండు పక్కన మొలిసిన నాగజెముడా
వాన రాకున్నా నువ్వు పండితివే
నీ పండు తింటే నా నాలుకెర్రన
నాలుకెర్రనైతే నా మాట తియ్యన

దీన్ని ఒకే ఒక్కరికి వినిపించింది. అదే ఆమె చేసిన పొరపాటు. ఆ ఒక్కరూ ఈమధ్యే పక్క అడవి నుంచి వచ్చి చేరిన నక్క. దాని కలం పేరు జంబుకశ్రీ. రాసిందేమీ లేదు గాని పేరు మాత్రం సిద్ధంగా పెట్టుకుంది.

పాట విని నక్క చెవులు మూసుకుంది. "ఓబులమ్మా, నీ మేలు కోరి చెబుతున్నాను. ఇంత మోటు యాసలో కవిత్వమా? నలుగురిలో పాడావంటే నవ్విపోతారు. నీలోనే దాచుకో."

ఓబులమ్మకు సిగ్గేసింది. నిజంగానే దాచుకుంది.

కొన్నాళ్లకు గుట్టకు పెద్ద అయిన ఎలుగుబంటి ఒక చాటింపు వేయించింది. గుట్టకో ఆస్థానకవి కావాలట. కవికి మోదుగాకుల శాలువా, గుహ పక్కన నీడలో చోటు. ఆ నీడ మాట చెవిన పడగానే నక్కకు మోటు యాస మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

సభ రోజు ఓబులమ్మ వచ్చేసరికి నక్క బండ మీద నిలబడి, కళ్లు అరమోడ్చి ఆమె పాటే పాడుతోంది. పాట అయ్యాక కుందేళ్లు కళ్లు తుడుచుకున్నాయి. ఓబులమ్మకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"ఆ పాట నాది. నేను కట్టిండేది" అంది ముందుకొచ్చి.

నక్క జాలిగా నవ్వింది. "అధ్యక్షా, ఈ నేల నా శ్వాస. ఈ జెముడు నా ఆత్మ. ఇప్పటిదాకా గడ్డి తప్ప నోట మరొకటి పెట్టని ఈ మేకకు కవిత్వమెక్కడిది?"

అంత గొప్పగా మాట్లాడేవాడు అబద్ధమెందుకు ఆడతాడని జంతువులు గుసగుసలాడాయి. ఎలుగుబంటి తల గోక్కుంది. దానికి తేనె గురించి తెలిసినంత కవిత్వం గురించి తెలియదు.

"ఇద్దరిలో ఒకరు అబద్ధమాడతా ఉండారు. ఎవరో తేలినాక వాళ్లు గుట్ట దిగిపోవల్ల" అంది.

గుట్ట దిగువన నక్క అన్నదమ్ములు కాపేసి ఉన్నాయి. పాట పోతే పోయింది, ఇప్పుడు ప్రాణం కూడా పోయేట్టుంది. ఓబులమ్మ బిక్కుబిక్కుమంటూ చుట్టూ చూసింది. బండ పక్కనే నాగజెముడు, దాని నిండా ఎర్రటి పండ్లు.

"పెద్దాయనా, ఒక మాట. పాట కట్టినోళ్లు పాటలో పొగిడిన పండును సభలో తిని సూపించల్ల. నేనూ తింటా, జంబుకన్నా తింటాడు. ఆయన పెద్ద కవి గద, ముందు ఆయనే తినల్ల."

ఎలుగుబంటి మీసాల్లో నవ్వుకుంది. "బాగుండాది. కానీండి."

పండు తెచ్చి ముందు పెట్టారు. గుండ్రంగా, నిగనిగలాడుతూ, పైన సన్నని నూగుతో ఉంది. నక్క దాన్ని ప్రేమగా చూసి, "నా బాల్యమంతా ఇందులోనే ఉంది" అని, ఆ బాల్యాన్ని మొత్తంగా నోట్లో వేసుకుని నమిలింది.

నూగులా కనిపించినవన్నీ ముళ్లు. నక్క ఎగిరి గంతేసింది. తర్వాత బండ మీద దొర్లింది. నాలుకను నేలకేసి రాస్తూ సభ చుట్టూ పరుగెత్తింది. కుందేళ్లు మళ్లీ కళ్లు తుడుచుకున్నాయి, ఈసారి నవ్వలేక.

ఓబులమ్మ ఇంకో పండు తీసుకుని గిట్టతో ఇసుకలో అటూ ఇటూ పొర్లించింది. నూగంతా రాలిపోయాక తీరిగ్గా తిని, ఎర్రటి నాలుక బయటపెట్టి చూపించింది.

"ఏమప్పా కవీ, మా గుట్ట మీద పాలు తాగే పిల్లకు గూడా తెలుసే, ఇసుకలో పొర్లించి తినల్లని. నీకు తెల్దా?" అంది ఎలుగుబంటి.

"ఆ ముక్క పాటలో లేదు" అని మూలిగింది నక్క.

"మా గుట్టోళ్లకు అది సెప్పే పనేముండాది?" అంది ఓబులమ్మ.

ఎలుగుబంటి శాలువా తెచ్చి ఆమెకు కప్పింది. అభినందన ప్రసంగం ముగిసేలోపు ఓబులమ్మ ఆ ఆకుల శాలువాలో సగం తినేసింది. సభ కూడా ఏమీ అనుకోలేదు.

నక్కను గుట్ట దింపేశారు. మేక వస్తుందని కాచుకున్న అన్నదమ్ములు చుట్టూ మూగి, ఏం తెచ్చావని అడిగాయి. జంబుకశ్రీ నోరు విప్పలేక, వాచిన నాలుక చూపించింది.

నీతి: పరాయి ఊరి పాటను సొంతం చేసుకోబోయేవాడు, ముందు ఆ ఊరి తిండి తినడం నేర్చుకోవాలి.