డెంగీ పోగుకి జంట ముడులు

ఒకప్పుడు డెంగీ జ్వరం తెచ్చే పోగుకి తోకలో ఒకటే ముడి ఉండేది. కంటికి కనబడని ప్రాణి అది. ఒళ్లంతా కలిపి ఒక్క దారప్పోగు, అంతే. అలాంటి పోగుల్లో ఒకామె పోగమ్మ.

పాపం, పోగమ్మది రెండిళ్ల బతుకు. కొన్నాళ్లు దోమ కడుపులో, కొన్నాళ్లు మనిషి నెత్తుట్లో.

"ముడి విప్పితేనే నా ఇంట్లో తిండి. లేదంటే మాడి చావు" అనేది దోమ.

మనిషి నెత్తుట్లో కాపలావాడు ఇంకా మొండివాడు. ముడి లేని పోగు కనబడితే చాలు, తెంపేసేవాడు. ఒకసారి విప్పిన ముడేమో మళ్లీ పడదు.

పోగమ్మ పిల్లలు ఆకలికి ఆగలేక దోమ ఇంట్లో ముడి విప్పుకునేవారు. దోమ మనిషిని కుట్టగానే నెత్తుట్లో పడి ముక్కలయ్యేవారు. పోగమ్మ ఒక్కతే కడుపు మాడ్చుకుని ముడి కాపాడుకుంది. ఎంతమందిని కంది, ఎంతమందికి ఏడ్చింది! ఇదేం పాడు బతుకని తిట్టుకుంది.

పిల్లల్ని కనడమంటే ఆమెకి తనను చూసుకుంటూ అచ్చం తనలాంటి పోగునే పేనడం. ఒకరోజు ఏడుస్తూ పేనుతుంటే కళ్లు మసకబారి, ఎంతదాకా వచ్చిందో మరిచిపోయింది. వేసిన ముడే మళ్లీ వేసింది. తప్పు దిద్దుకునే అలవాటు ఆ వంశంలోనే లేదు. అలా రెండు ముడుల కొడుకు పుట్టాడు.

వాడు దోమ ఇంట్లో ఒక ముడి విప్పి సుష్టుగా తిన్నాడు. రెండోది బిగించే ఉంచుకున్నాడు. వాడు తింటుంటే చూసి చూసి, పోగమ్మ ఇక ఓర్చుకోలేక తన ఒక్క ముడీ విప్పేసింది.

ఆ మధ్యాహ్నమే దోమ ఒక చంటిపిల్ల పాదం మీద వాలింది. తల్లీ కొడుకులు నెత్తుట్లో పడ్డారు. కాపలావాడు పరుగున వచ్చాడు.

"నాయనా, నీకు రెండు ముడులేశాను కదా. ఒకటి నాకియ్యరా!"

"ఒకటి దోమింట్లోనే విప్పేశాను కదమ్మా. ఉన్నది ఇదొక్కటే."

"అది వేసింది నేనురా!"

"పొరపాటున వేశావు" అన్నాడు వాడు.

కాపలావాడు పోగమ్మని తెంపేశాడు. కొడుకు వెనక్కి తిరిగైనా చూడలేదు. తనకు పుట్టుకతో వచ్చినట్టే, రెండేసి ముడులతో వేలకు వేలు పిల్లల్ని పేనాడు. చంటిపిల్ల ఒళ్లు పెనంలా కాలింది. వాళ్లమ్మ ఓబులమ్మ తడిగుడ్డ మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. ఆమె ఏడుపు ఏ పోగుకీ వినబడలేదు.

అప్పటినుంచే డెంగీ పోగు తోకలో ఒకే రకం ముడులు జంటగా ఉంటున్నాయి. దోమ ఇంట్లో ఒకటి విప్పుకున్నా, మనిషి ఇంట్లో రెండోది కాపాడుతోంది. అది ఏ తల్లి ఏడుస్తూ వేసిందో మాత్రం ఆ పోగుల్లో ఒక్కదానికీ తెలియదు.