నూకాలు నీళ్లు

అనగనగా. ఎప్పుడని అడగొద్దు, సముద్రం ఇంకా ఊరికి దూరంగా ఉన్న రోజులవి. ఆ తీరంలో నావలు కట్టేచోట నూకాలు అని ఒకామె ఉండేది. ఆమెది నార పని. కొబ్బరినారని గుగ్గిలం కాచిన నూనెలో నానబెట్టి, చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో కుక్కేది. అది సరిగ్గా పడితేనే నావలోకి నీళ్లు రావు.

నూకాలుకి కుదురు లేదు. నిలబడే తినేది. కట్టిన నావ చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగేది. "కాసేపు కూర్చోవే" అంటే, "కూర్చుంటే కనపడదు" అనేది.

తిరగక ఏం చేస్తుంది? వాళ్ల అయ్య ఎక్కిన కొత్త నావ వెళ్లింది, రాలేదు. గంగమ్మకి ఆకలేసిందని ఊరంతా అనుకుంది. "నావలో తప్పుందేమో ఎవరైనా చూశారా?" అని నూకాలు అడిగింది. జనం గంగమ్మకి దండం పెట్టుకుని ఇళ్లకి పోయారు.

ఇప్పుడు మళ్లీ కొత్త నావ. ఈసారి ఎక్కేది ఆమె పెంచిన తమ్ముడు ఎల్లాజీ.

ముహూర్తం రానే వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. ఎల్లాజీ నావెక్కి నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టబోతుంటే నూకాలు భుజాన మోసుకొచ్చిన నీళ్ల కావిడి దించి, బిందెడు నీళ్లు నావలో కుమ్మరించింది.

డప్పులు ఆగిపోయాయి. సముద్రం ముట్టని నావలో నీళ్లు పడితే ఆ ఊళ్లో అపశకునం.

"నీకేం పట్టిందే?" అని అరిచాడు ఊరిపెద్ద సూరయ్య.

"అప్పా, నా పరువు తియ్యకే!" అన్నాడు ఎల్లాజీ అక్కతో.

"కొత్త కుండ కొంటే నీళ్లు పోసి చూస్తాం గదా మావా. కుండ కారితే పొయ్యి ఆరుద్ది. ఇది కారితే?"

అంటూనే నూకాలు మళ్లీ పోసింది. అప్పుడు తిరిగిరాని నావలో మొగుళ్లని పోగొట్టుకున్న ఆడవాళ్లు కూడా బిందెలెత్తారు. ఇక వాళ్లని ఆపేదెవరు?

నూకాలు నావ చుట్టూ ఒకసారి తిరిగింది. పొడి. సూరయ్య నవ్వాడు. రెండోసారి తిరిగింది. పొడి. ఎల్లాజీ తల దించుకున్నాడు. మూడోసారి తిరిగింది. ఒకచోట చెక్క చెమర్చింది. పూజపళ్లెంలో పసుపు తీసి అక్కడ బొట్టు పెట్టింది. దాని పక్కనే ఇంకోటి. ఆ పక్కనే ఇంకోటి.

"నావకి అమ్మోరు పోసిందర్రా!" అన్నారెవరో. జనం గొల్లుమన్నారు.

నావ కట్టించిన మేస్త్రీ బంగారయ్య నవ్వలేదు. "ఇంత గుగ్గిలం పూసేస్తే పోద్దిలే. ముహూర్తం దాటిపోద్ది" అన్నాడు.

"చుక్క పోద్ది మేస్త్రీ, తప్పు పోదు. బొట్లన్నీ ఒక పక్కే ఎందుకున్నాయి? ఆ పక్క పని ఎప్పుడు చేశాం?"

బంగారయ్య గొంతు తగ్గింది. "ముహూర్తం పెట్టాక."

నార నానకుండానే కుక్కమని తొందరపెట్టింది ఆయన. కుక్కింది నూకాలు వేళ్లే. ఆమె ఆ వేళ్లకేసి చూసుకుంది.

ఎల్లాజీ నావ దిగాడు. "నార తీసెయ్యండి. కొత్త నార నానేదాకా నేనెక్కను."

ముహూర్తం దాటిపోయింది. నార నానింది. నావ ఆలస్యంగా వెళ్లింది, నిండుగా తిరిగొచ్చింది.

అప్పట్నించి ఏ నావ కట్టినా నూకాలు నీళ్లు పోసేది, తిరిగేది, బొట్లు పెట్టేది. బొట్లు ఎక్కడ గుంపు కడితే, ఆ చోట పని ఎలా జరిగిందో తవ్వి తవ్వి అడిగేది. రానురాను బొట్లు తగ్గాయి. ఆమె తిరగడం తగ్గలేదు.

ముసలిదై మంచం పట్టిన రోజు కూడా ఒడ్డున కొత్త నావ ఉంది.

"నీళ్లు పోశారా?"

"పోశామే అప్పా" అన్నాడు ఎల్లాజీ. అతనూ ముసలివాడయ్యాడు.

"తిరిగారా?"

ఎల్లాజీ కర్ర అందుకుని ఒడ్డుకి వెళ్లాడు. నావ చుట్టూ మూడుసార్లు తిరిగి ఇంటికొచ్చేసరికి ఆమె లేదు.

ఇప్పటికీ ఆ తీరంలో కొత్త నావని దించేముందు లోపల నీళ్లు పోస్తారు. నూకాలు నీళ్లంటారు వాటిని. అవి ఉన్నంతసేపూ ఎవరూ కూర్చోరు. పసుపు పట్టుకుని తిరుగుతూనే ఉంటారు. ఏ చిన్నపిల్లో కాళ్లు నొప్పెట్టి ఇసకలో కూలబడితే, వాళ్ల మామ్మ రెక్క పట్టుకుని లేపుతుంది.

"లేవే. నూకాలు ఇంకా తిరుగుతోంది."