చెలమ దగ్గర చెప్పని మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. వానాకాలంలో ఆ వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారేది. ఎండాకాలం వచ్చిందంటే అది పేరుకే వాగు. ఎటు చూసినా ఇసుకే.

అయితే పిల్లలూ, ఆ ఇసుక కింద నీళ్లుంటాయి. గుంట తవ్వితే అడుగున మెల్లమెల్లగా ఊరతాయి. ఆ గుంటనే చెలమ అంటారు. ఆ అడవిలో చెలమ తవ్వేది అడవిపందులు. వాటి పెద్ద పేరు కోరప్ప. ముట్టెతో ఇసుక చిమ్మి చిమ్మి, ఎండెక్కేలోపు గుంట తీసేవాడు. తవ్వినవాళ్లు కాబట్టి పందులు ముందు తాగేవి. తర్వాత కణితులనే పెద్దకొమ్ముల జింకలు, దుప్పులు తాగేవి. కుందేళ్లు, ఉడతలు, కౌజుపిట్టలు అందరికన్నా ఆఖరున తాగేవి. ఎవరు పెట్టారో తెలియదు. తాతల నాటి నుంచి అదే వరస.

ఆ అడవిలో రేగడు అనే కణితి ఉండేవాడు. ఒళ్లు నల్లరేగడి మట్టి రంగు, అందుకే ఆ పేరు. వాడికి చిన్నప్పటి నుంచీ ఒకచోట కాలు నిలిచేది కాదు.

"వాగు అవతల ఏముంది మామా?" అని కోరప్పను అడిగేవాడు.

"ఏముంటుంది అల్లుడూ, గడ్డి ఉంటుంది. ఇక్కడి గడ్డి నీకు చేదా?" అనేవాడు కోరప్ప.

రేగడు వినలేదు. కొమ్ములు గట్టిపడిన ఏడు, వానలు తెరిపిచ్చిన పూట, వాగు ఈది అవతలికి వెళ్లిపోయాడు.

మొదట వాడు సముద్రం ఒడ్డున ఉన్న పచ్చిక బీళ్లకు చేరాడు. అక్కడ కృష్ణజింకల మంద ఉంది. రేగడు మర్యాదగా తల వంచి కొమ్ములు నేలకు ఆనించాడు. అంతే! మంద పెద్ద పరుగున వచ్చి వాడి డొక్కలో ఒక్కటిచ్చాడు.

"అయ్యో, ఎందుకయ్యా పొడుస్తావు? నేను దండం పెట్టాను!" అన్నాడు రేగడు.

"దండమా? మా దగ్గర కొమ్ములు వంచితే కుస్తీకి రమ్మని పిలిచినట్టు!" అన్నాడు ఆ పెద్ద. తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. తన ఇంటి మర్యాద పక్క ఊళ్లో తగువు కావచ్చని రేగడికి ఆ రోజు తెలిసింది.

కొంతకాలానికి వాడు కొండల మీద అడవికి వెళ్లాడు. అక్కడ ఒక చెట్టు నిండా గబ్బిలాలు వేలాడుతున్నాయి. దాని కిందే దుప్పులు హాయిగా మేస్తున్నాయి. రేగడు గబుక్కున వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి బాబూ?" అని ఒక ముసలి దుప్పి అడిగింది.

"గబ్బిలం ఎదురొస్తే కీడమ్మా. మా అడవిలో అటు చూడం కూడా."

"కీడా! ఇవి పైన కొరికి కింద పడేస్తేనే కదా మాకు పళ్లు దొరికేది! ఎవరు చెప్పారు నాయనా నీకు?"

ఎవరు చెప్పారో రేగడికి గుర్తు రాలేదు. వాడికి సిగ్గేసింది. తిని చూస్తే ఆ పళ్లు తియ్యగా ఉన్నాయి.

ఆఖరికి వాడు చాలా దూరాన ఉన్న ఒక ఎండు నేలకు చేరాడు. దాహంతో నాలుక పిడచగట్టింది. వెతగ్గా వెతగ్గా ఇసుకలో ఒక చెలమ కనపడింది. రేగడు అలవాటు కొద్దీ అందరినీ దాటుకుని ముందుకు పోయాడు. పిడికెడంత కౌజుపిట్ట ఒకటి వచ్చి వాడి కాళ్ల ముందు నిలబడింది.

"ఓ పెద్దకొమ్ములాయనా! ఎక్కడికి ఆ దూకుడు? ఇక్కడ ముందు మేం. ఆఖరున నువ్వు."

పరాయి చోటు. రేగడు చేసేదేమీ లేక ఆగాడు. చిట్టి చిట్టి ప్రాణులన్నీ వచ్చి అంచున నిలబడి తాగాయి. ఒక్క ఇసుక రేణువు జారలేదు. తర్వాత జింకలు తాగాయి. ఆ తర్వాత పందులు తాగాయి. అందరూ అయ్యాక రేగడు వంగాడు. అప్పటికి అంచు సగం కూలింది. అయినా వాడికి సరిపడా నీళ్లున్నాయి.

"బరువైనవాళ్లు ముందు దిగితే గట్టు కూలుతుంది, ఊట మూసుకుపోతుంది. మేం ముందు తాగితే అందరికీ అందుతాయి" అంది కౌజు.

అంత చిన్న మాట. కానీ అది విన్నాక రేగడికి మేత రుచించలేదు. వాడికి తన అడవిలోని నూకమ్మ గుర్తొచ్చింది. నూకమ్మ ఒక కుందేలు. వాడిని అన్నా అని పిలిచేది. ఎండాకాలంలో ఆమె మూతికి ఎప్పుడూ తడి ఇసుక అంటుకుని ఉండేది. "ఏం నూకమ్మా, ఇసుక బొక్కుతున్నావా?" అని రేగడు ఆటపట్టించేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. పాపం, ఆమె నిజంగానే ఆ ఇసుకను చప్పరించేది! వాడు తాగి వెళ్లిపోయాక చెలమలో ఏం మిగిలేదో వాడు ఏనాడూ చూడలేదు. ఆఖరున నిలబడ్డాకే ఆ సంగతి తెలిసింది.

'మా వాళ్లకు ఈ మాట చెప్పాలి' అనుకున్నాడు. ఇంటి దారి పట్టాడు.

వాడు అడవికి చేరేసరికి మళ్లీ ఎండాకాలం. ఎన్నో ఏళ్లు గడిచాయి కదా, చిన్నవాళ్లు ఎవరూ వాడిని గుర్తుపట్టలేదు. ఒక దుప్పిపిల్ల "ఎవరో పరాయివాడు వచ్చాడు!" అని అరిచి పారిపోయింది. ఆ మాట రేగడికి గుచ్చుకుంది. పోయిన ప్రతిచోటా వాడు పరాయివాడే. ఇంటికొచ్చినా అదే మాటా!

సాయంత్రం అందరూ చుట్టూ చేరారు. కోరప్ప కొంచెం ముసలివాడయ్యాడు, గొంతు మాత్రం అదే.

"మాట యాస మారిందే అల్లుడూ! పరాయి నీళ్లు బాగానే వంటబట్టాయి. చెప్పు, ఏం చూశావు?"

రేగడు కొమ్ములు వంచి దెబ్బ తిన్న కథ చెప్పాడు. అందరూ పడీ పడీ నవ్వారు. వాడికి ప్రాణం లేచొచ్చింది. తర్వాత గబ్బిలాల కథ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అంటే మా తాతలు తెలివితక్కువవాళ్లనా?" అన్నాడు కోరప్ప. "ఊళ్లు తిరిగొచ్చినవాళ్లందరికీ ఇదే జబ్బు. అక్కడ అట్లా, అక్కడ ఇట్లా! అంత బాగుంటే అక్కడే ఉండకపోయావా?"

ఇప్పుడు అందరూ నవ్వారు. రేగడు ఒక్కడే నవ్వలేదు.

నూకమ్మ పక్కన ఆమె పిల్లలు ముగ్గురు కూర్చున్నారు. అందరికన్నా చిన్నవాడి పేరు పిసరు. వాడు ఒక్కడే నోరు తెరుచుకుని కథలు వింటున్నాడు.

"మామయ్యా, అక్కడ కూడా చెలమలుంటాయా? అక్కడ ఎట్లా తాగుతారు?" అని అడిగాడు.

రేగడు చెప్పబోయాడు. కోరప్ప వైపు చూశాడు. కోరప్ప ముట్టె ఇంకా ముడుచుకునే ఉంది.

"మనలాగేరా" అన్నాడు రేగడు.

ఆ ఏడు ఎండ మరీ ఎక్కువ. గడ్డిలో పసరు లేదు. ఆకుల్లో చెమ్మ లేదు. ఊట రోజురోజుకీ సన్నగిల్లింది. ఒక మాపటేళ నూకమ్మ రేగడిని వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మా వంతు వచ్చేసరికి తడి ఇసుక కూడా ఉండటం లేదు. పెద్ద పిల్లలిద్దరూ ఎట్లాగో ఓర్చుకుంటున్నారు. పిసరు లేవలేకపోతున్నాడు. నువ్వు నాలుగు చోట్లు చూసినవాడివి. మేం చెబితే కోరప్ప మామ వినడు. నువ్వు చెబితే వింటాడు. నీకేమైనా ఉపాయం తెలిస్తే ఒక్క మాట చెప్పన్నా."



"చెబుతాను నూకమ్మా. తప్పకుండా చెబుతాను. కాస్త సమయం చూసి."

"రేపు?"

"రేపే."

తెల్లవారింది. కోరప్ప చెలమ తవ్వాడు. అడుగున కాసిని నీళ్లు ఊరాయి. రేగడు చెప్పడానికి ముందుకు వచ్చాడు. కోరప్ప వాడిని చూసి నవ్వాడు.

"ఏం అల్లుడూ, నేనన్న మాటకు అలిగావా? నువ్వు మా కళ్ల ముందు పెరిగినవాడివి. మనలో మనకు కోపాలేంటి! రా, ఈ పూట నా పక్కన తాగు. మాతో పాటే, ముందు."

"అవునవును, మనవాడే కదా!" అన్నాయి పందులు. "మనవాడే!" అన్నాయి దుప్పులు.

ఎన్నేళ్లయింది ఆ మాట విని! ఎన్ని అడవులు తిరిగాడు, ఎవరూ వాడిని ఆ మాట అనలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే మళ్లీ నవ్వుతారు. మళ్లీ పరాయివాడు అంటారు. ఇప్పుడే కలుపుకున్నారు, ఇప్పుడే ఎట్లా చెప్పడం? రేపు చెబుదాం అనుకున్నాడు.

వాడు కోరప్ప పక్కన చెలమలోకి కాలు పెట్టాడు. వాడి గిట్ట కింద అంచు కూలింది. ఇసుక జరజరా జారి ఊట మీద పడింది. చిన్నప్పుడు కూడా అట్లాగే కూలి ఉంటుంది, అప్పుడు వాడికి కనపడలేదు. ఇప్పుడు కనపడింది. అయినా వంగి తాగాడు.

ఆ రోజు చిన్న ప్రాణుల వంతు వచ్చేసరికి చెలమలో కూలిన ఇసుక తప్ప ఏమీ లేదు.

పొద్దు గుంకకముందే పిసరు చనిపోయాడు. రేగడు ఆ సంగతి విని పరుగున వెళ్లాడు. పొద కింద నూకమ్మ వాడిని నాకుతూ కూర్చుంది. నాకడానికి ఆమె నాలుకకు తడి లేదు. ఆమె తలెత్తి చూసింది గానీ ఏమీ అడగలేదు. 

మర్నాడు కోరప్ప చెలమ తవ్వి పక్కకు తిరిగేసరికి రేగడు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆగు మామా! ముందు చిన్నవాళ్లు తాగాలి."

పందులు గుర్రుమన్నాయి. దుప్పులు చెవులు రిక్కించాయి. రేగడు అంతా చెప్పాడు. ఎండు నేల గురించి, కౌజుపిట్ట గురించి, గట్టు కూలడం గురించి, ఊట మూసుకుపోవడం గురించి. తిడతారనుకున్నాడు. నవ్వుతారనుకున్నాడు. పొడుస్తారనుకున్నాడు.

 కోరప్ప నెమ్మదిగా చెలమ అంచుకు వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"మేం తాగి పోయాక వీళ్లకు నీళ్లు మిగలవా?"

"ఇసుక మిగులుతుంది మామా."

"మేం తాగుతాం, పోతాం" అన్నాడు కోరప్ప. "వెనక్కి తిరిగి చూడాలని ఏనాడూ తోచలేదు. ఎవరూ చెప్పలేదు." వాడి గొంతు దిగిపోయింది. "ఇంతేనా సంగతి? వరస మారిస్తే చాలా? ఇంత చిన్న మాట వచ్చిన రోజే చెప్పకపోయావా అల్లుడూ! నేను ఒక పూట విసుక్కునేవాణ్ణి. నాలుగు మాటలు అనేవాణ్ణి. అంతకన్నా ఏం చేసేవాణ్ణి?"

రేగడు తల దించుకున్నాడు.

కోరప్ప పక్కకు జరిగాడు. వాడి వెనక పందులన్నీ జరిగాయి. ఉడతలు వచ్చాయి. పిట్టలు వచ్చాయి. భయం భయంగా అంచున నిలబడి తాగాయి. నూకమ్మ తన ఇద్దరు పిల్లలనూ తీసుకొచ్చింది. వాళ్లు తాగుతుంటే చూసింది. తర్వాత తనూ వంగి తాగింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మూతికి ఇసుక అంటలేదు. నీటి చుక్కలు మాత్రమే ఉన్నాయి.

ఆమె నేరుగా రేగడి దగ్గరకు వచ్చింది.

"అన్నా, ఈ ఉపాయం నీకు ఎప్పుడు తెలిసింది?"

"చాలా రోజులైంది నూకమ్మా. తిరుగుతున్నప్పుడే."

"మా పిసరు నిన్ను అడిగిన రోజుకు తెలుసా?"

రేగడు చూపు తిప్పుకున్నాడు.

"చెప్పన్నా."

"తెలుసు."

నూకమ్మ అరవలేదు. తిట్టలేదు. పిల్లలిద్దరినీ దగ్గరకు లాక్కుంది.

"అయితే అన్ని చోట్లూ తిరిగినా నువ్వు ఎక్కడికీ వెళ్లనట్టే అన్నా" అంది.

అని పిల్లలతో పొదల్లోకి వెళ్లిపోయింది.

నీతి: నాలుగు చోట్లు తిరిగి నేర్చుకున్న మంచిని, నలుగురూ నవ్వినా సరే, అవసరమైన రోజునే చెప్పాలి. ఆలస్యంగా చెప్పిన మాట మిగిలినవాళ్లకు మేలు చేస్తుంది గానీ పోయినవాళ్లను తిరిగి తేలేదు.