ఏడు దాటాక పాడే పిట్ట

నాలుగేళ్లుగా పిట్టల్ని చూస్తున్నా, ఝాన్సీ ఒక్క పిట్ట పాట మాత్రం వినలేకపోయింది.

అది నీలిగొంతు పిట్ట. చలికాలం మొదట్లో హిమాలయాల అవతలి నుంచి వచ్చి, చెరువు పక్క పార్కులో జమ్ముగడ్డి మధ్య దిగుతుంది. ఉన్నన్నాళ్లూ టిక్కుటిక్కుమంటుందే తప్ప పాడదు. మార్చి చివర, తిరిగి వెళ్లే ముందు ఓ వారం రోజులు మాత్రం గొంతు సవరించుకుంటున్నట్టు సన్నగా పాడుతుంది. అదీ తూర్పున గుట్ట దాటి ఎండ గడ్డి దుబ్బుల మీద పడ్డాక. అంటే ఏడు దాటాక.

ఏడింటికి ఝాన్సీ ఇంట్లో ఉండాలి. ఆమె భర్త అభ్యుదయవాది. భార్య తెల్లారకుండానే పార్కుకు వెళ్లినా ఒక్క మాట అనడు. నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు కూడా. ఏడింటికి టీ చేతికందితే చాలు. ఆదివారాలకూ మినహాయింపు లేదు.

ఆమెకు పిట్టల్ని చూడడం నేర్పింది దమయంతి మేడమ్. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఎవరేం అడిగినా బైనాక్యులర్ చేతికిచ్చి ఊరుకునేది.

ఆ సంవత్సరం మార్చిలో ఓ రోజు, ఏడింటికి పది నిమిషాలుందనగా పార్కు బెంచీ మీద మేడమ్ పక్కనుంచి ఝాన్సీ లేచింది. రెండడుగులు వేసి ఆగింది. పిట్ట రేపో మాపో వెళ్లిపోతుందనీ, తను వెళ్లాక అది పాడితే ఫోన్లో రికార్డు చేసి పంపమనీ అడిగింది. పనుల మధ్య ఎప్పుడో ఒకప్పుడు వింటానంది.

"పేరేమో ఝాన్సీ, హడలేమో టీ గిన్నెకి" అంది మేడమ్. కానీ కాదనలేదు. అప్పటికప్పుడే ఫోన్ తీసి, రికార్డింగ్ నొక్కి ఒళ్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం ఆఫీసులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నది ఝాన్సీ. మొదట తన గొంతే వినిపించింది. "వస్తా మేడమ్, ఇప్పటికే ఆలస్యమైంది." తర్వాత ఎండుటాకుల మీద తన చెప్పుల చప్పుడు. గేటు కిర్రుమంది. స్కూటీ స్టార్టయింది. ఆ చప్పుడు దూరమై, సన్నబడి, వినిపించకుండా పోయింది. అక్కడితో రికార్డు అయిపోయింది.

మూడుసార్లు విన్నది. అంతే ఉంది.

మర్నాడు వస్తూనే అడిగింది. "అందులో పాట లేదు మేడమ్. నిన్న పాడలేదా?"

"పాడింది. నువ్వు వెళ్లిన కాసేపటికి మొదలుపెట్టి పావుగంట పాడింది."

"మరి ముందే ఆపేశారేం?"

"నువ్వున్నంతవరకు రికార్డు చేశాను."

ఝాన్సీ వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

ఏడైంది. ఆమె లేవలేదు. సంచిలో ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగింది. జమ్ములోంచి టిక్కుమన్న చప్పుడైనా రాలేదు. మేడమ్ బైనాక్యులర్‌తో ఒడ్డంతా వెతికి, దించేసింది.

"రాత్రికి రాత్రే వెళ్లిపోయినట్టుంది. నువ్వు బయల్దేరతావా?"

"కాసేపు కూర్చుంటా మేడమ్."

ఎండ గుట్ట దాటి మెల్లగా గడ్డి మీదికి వచ్చింది. ఆ ఎండలో ఆ గడ్డి ఏ రంగులో ఉంటుందో, ఈ నాలుగేళ్లలో ఆమె చూడడం అదే మొదలు.