సూరమ్మ ఇచ్చిన దారి

అనగనగా ఒక అడవి. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వాగు ఎండిపోయింది. కొండ అవతల మాత్రం ఒక మడుగు నిండుగా ఉంది. ఏనుగు గున్నలు అక్కడికి నడవాలంటే కొత్త దారి వేయాలి. ఒక పక్క బండలు, ఇంకో పక్క ఊబి. మధ్యలో సూరమ్మ బొరియ.

సూరమ్మ అంటే ముళ్లపంది. మహా రోషగత్తె. ఆ బొరియ వాళ్లమ్మ తవ్వింది. ఇప్పుడు అందులో సూరమ్మ పిల్లలు పెరుగుతున్నాయి.

ముందు నక్క జంబయ్య దుంపల బుట్టతో వచ్చాడు. "ఇవి తీసుకుని ఖాళీ చెయ్యి, సూరమ్మా!" అన్నాడు.

"బొరియ అమ్ముతానని నీతో ఎవరన్నారు?" అంది సూరమ్మ. దుంపల వైపు చూడనైనా లేదు.

తర్వాత ఎలుగుబంటి వచ్చింది. "అడవి మేలుకే అడ్డుపడతావా? రేపే తొక్కించేస్తాం!" అని గుడ్లురిమింది.

సూరమ్మ ముళ్లు నిక్కబొడుచుకుంది. "అడగందే అమ్మయినా పెట్టదు. మీలో ఒక్కరైనా అడిగారా? గూడు తీసేవాడు ముందు తన చేత్తో గూడు కట్టివ్వాలి. అది మన అడవి కట్టుబాటు. మరిచారా?" అంది.

ఎలుగు వెనుదిరిగి వెళ్లిపోయింది.

చివరికి ఏనుగుల పెద్ద కొండయ్యే వచ్చాడు. కాలు మోపితే చాలు, బొరియ నేలమట్టం. వెనక గున్నలు దాహమని ఏడుస్తున్నాయి. అయినా కొండయ్య కాలు మోపలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా సూరమ్మా, పిల్లలకు దాహంగా ఉంది. నీ చోటు ఇస్తావా? నీకు బొరియ నేనే తవ్వి ఇస్తాను, నా దంతాలతోనే" అన్నాడు.

అన్నమాట ప్రకారం తవ్వాడు. పాపం, బావి అంత గుంట పడింది! సూరమ్మకు నవ్వు ఆగలేదు.

"కొండయ్య మామా, ఇందులో మా వంశమంతా పడుతుంది. నువ్వు రాళ్లు పెకలించు. లోపల నేను మలుచుకుంటాను" అంది.

గున్నలు కూడా తొండాలతో మన్ను మోశాయి. పొద్దు వాలేలోగా కొత్త బొరియ తయారైంది. సూరమ్మ పిల్లల్ని అందులోకి చేర్చి, పాత బొరియ దగ్గరికి తిరిగొచ్చింది.

"ఇది మా అమ్మ గడప. నేనే పూడుస్తాను" అంది.

పూడుస్తుంటే కళ్లు చెమర్చాయి. తల మాత్రం దించలేదు. కొత్త దారిన అందరికంటే ముందు తనే నడిచింది. వెనక ఏనుగులన్నీ నెమ్మదిగా నడిచాయి. గున్నలు కడుపారా నీళ్లు తాగాయి.

"మా దారి సూరమ్మ ఇచ్చింది" అని ఆ అడవి ఇప్పటికీ రొమ్ము విరుచుకుని చెప్పుకుంటుంది.

నీతి: పదిమంది మేలు కోసమైనా సరే, ఒకరి చోటు కావాలంటే మర్యాదగా అడగాలి, ముందు బదులు చూపాలి.