పెద్దపుట్ట చుట్టూ వంగిన బండలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక లోయ. ఆ లోయలోకి ఎండ దిగేది గానీ వెచ్చదనం దిగేది కాదు. దాని మీదుగా ఎగిరేటప్పుడు పిట్టలు కూత ఆపేసేవి.

లోయ అడుగున ఏనుగంత ఎత్తున ఒక చెదపుట్ట ఉండేది. దాని పేరు పెద్దపుట్ట. ఎంత తిన్నా అందులో చెదలు తరిగేవి కావు. పుట్ట చుట్టూ నల్లని బండలు. ప్రతి బండా ముందుకు వంగి, పుట్ట కన్నంలోకే చూస్తున్నట్టు ఉండేది. ఆ బండలను అక్కడికి ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు.

ఆ అడవిలోనే జుంటి అనే ఎలుగుబంటి ఉండేది. దానికి ఒక్కగానొక్క కూతురు ఇప్ప. ఎలుగులు తమ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాయి కదా, జుంటి కూడా అలాగే తిరిగేది. గుహకూ లోయకూ మధ్య ఒక వాగు. వాగు ఒడ్డున రెల్లు పొదల్లో ఒక పులి. పిల్ల తల్లి వీపు మీద ఉన్నంతసేపూ పులి ఊరికే చూసేది. పిల్ల కింద పడిందా, ఇక చెప్పేదేముంది! జుంటికి ఆ భయం నిద్రలో కూడా పోయేది కాదు. అడుగడుక్కీ వెనక్కి తిరిగి, "ఇప్పా, గట్టిగా పట్టుకున్నావా?" అని అడిగేది.

"పట్టుకున్నానమ్మా! ఎన్నిసార్లు అడుగుతావు?" అనేది ఇప్ప.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. చిన్న పుట్టలన్నీ ఎండి గుల్లయ్యాయి. జుంటి తింటేనే ఇప్పకు పాలు. అందుకని భయపడుతూనే లోయలోకి దిగింది.

ఎలుగులకు ఒక పట్టింపు ఉంది. పుట్ట ముందు కూర్చున్న ఎలుగు, పుట్ట ఖాళీ అయ్యేదాకానో, చీకటి పడేదాకానో లేవకూడదు. మధ్యలో లేస్తే మిగతా ఎలుగులు, "అదిగో అరకడుపుది, అరకడుపుది!" అని వెక్కిరిస్తాయి. జుంటి కూడా పట్టింపు తప్పకుండా చతికిలబడి కూర్చుంది. ముక్కు కన్నంలో పెట్టింది.

లోపలి నుంచి ఎవరో మెత్తగా అన్నారు. "వచ్చావా? కూర్చో తల్లీ. ఇంకాస్త ముందుకు వంగు. తీపంతా అడుగునే ఉంది."

జుంటి ఉలిక్కిపడి చుట్టూ చూసింది. ఎవరూ లేరు. బండలే ఉన్నాయి. గాలి అయి ఉంటుందిలే అనుకుంది. ఇంకాస్త వంగింది.

"పోదామమ్మా, నాకు చలేస్తోంది," అంది ఇప్ప.

"ఇదిగో, అయిపోవచ్చింది. ఇంకాస్త ఆగు తల్లీ."

పొద్దు వాలింది. పుట్ట ఖాళీ కాలేదు. చీకటి పడ్డాక జుంటి గుహకు తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

కొన్నాళ్లకు లేచేటప్పుడు జుంటికి నడుం పట్టేయడం మొదలైంది. తర్వాత పొట్ట ముందుకు జారింది. నడుం లోపలికి గుంటపడింది. పిరుదులు వెనక్కి పొడుచుకొచ్చాయి. ఇక ఒకరోజు వాగు దాటుతుండగా, ఆ గుంటలో కాలు నిలవక, ఇప్ప వీపు మీంచి జర్రున జారి నీళ్ల అంచున పడింది.

రెల్లు కదిలింది. అందులో ఏదో పెద్దగా ఊపిరి పీల్చుకుంది.

జుంటి పిల్లను పళ్లతో అందుకుని పరుగు తీసింది. గుహ చేరాక, "రేపు మళ్లీ జారితే? నా నడుమే నా బిడ్డను పులికి ఒప్పగిస్తే?" అని ఏడ్చింది.

భయమేసినప్పుడు ఎలుగులు చేసేది ఒకటే. రెండు కాళ్ల మీద లేచి, ఛాతీ ముందుకు తోసి నిలబడతాయి. జుంటి అదే చేసింది. ఛాతీ తోసే కొద్దీ నడుం ఇంకా లోపలికి పోయింది. అమ్మో అని మూలిగింది.

"ఏమే కోడలా, ఎవర్ని బెదిరిస్తున్నావు? నీ నడుమునా?" అని ఒక గొంతు వినిపించింది.

చూస్తే అలుగత్త. ఒళ్లంతా పొలుసులతో, బంతిలా ముడుచుకునే ముసలి అలుగు అది. అదీ చెదలే తింటుంది. కానీ దాని నడుం ఎప్పుడూ వాలలేదు.

"నవ్వకు అత్తా. నడుం పోయింది నాకు," అంది జుంటి.

"నడుం ఎక్కడికీ పోలేదు. నీ తుంటి ఉందే, అదొక నీళ్ల దొప్ప అనుకో. కూర్చుని కూర్చుని నీ తొడల ముందువైపు కండలు కురచైపోయాయి. అవి దొప్పను ముందుకు లాగుతున్నాయి. నీళ్లన్నీ పొట్ట మీదికి ఒలుకుతున్నాయి. నువ్వేమో ఛాతీ తోసి ఇంకా ఒలకబోస్తున్నావు!"

"మరి దొప్పను ఎలా నిలపను?"

అలుగత్త చేసి చూపించింది. ముందు వెల్లకిలా పడుకుంది. మోకాళ్లు మడిచి, పొట్ట బిగించి, నడుం నేలకు ఆనించింది. తర్వాత పాదాలు నేలకు తన్ని పిరుదులు పైకెత్తి, మెల్లగా దించింది. ఆ తర్వాత ఒక మోకాలు నేల మీద ఆనించి, రెండో కాలు ముందుకు వేసి, తోక లోపలికి దోపి, తుంటిని మెల్లగా ముందుకు జరిపింది.

"తొడ ముందు లాగుతోందా? లాగనీ. గుంజకు, ఊపిరి బిగబట్టకు. రోజూ చెయ్యి."

"ఎన్నాళ్లు అత్తా?"

"వంగడానికి ఎన్నాళ్లు పట్టిందే?"

"ఏమో, నాకు తెలియనే లేదు."

"నిలబడడం కూడా అలాగే తెలియకుండా వస్తుంది. పుట్ట దగ్గర మాత్రం కూర్చుండిపోకు. నాలుగు ముద్దలు తిను, లేచి తిరుగు. అది ఏమన్నా వినకు."

జుంటి అలుగత్త దగ్గరికి జరిగింది. "అంటే, అది నీతో కూడా మాట్లాడిందా?"

అలుగత్త చటుక్కున బంతిలా ముడుచుకుంది. చాలాసేపటికి గానీ విప్పుకోలేదు.

జుంటి చేయడం మొదలుపెట్టింది. పడుకుంటే దాని నడుం కింద కప్ప దూరేంత సందు ఉండేది. ఎంత అదిమినా నేలకు ఆనలేదు. తొడలు మండాయి. రోజులు గడిచినా సందు అలాగే ఉంది. జుంటికి విసుగొచ్చింది. ఆకలి కూడా వేసింది. మళ్లీ వెళ్లి పెద్దపుట్ట ముందు చతికిలబడింది.

"మొక్కై వంగనిది మానై వంగదంటారు. మానై వంగినది మళ్లీ నిలుస్తుందా తల్లీ?" అంది పుట్ట లోపలి గొంతు. "కదిలితేనే కదా నొప్పి? కదలకు. నొప్పే ఉండదు."

నిజమే. కూర్చున్న కాసేపటికి నొప్పి పోయింది. హాయిగా అనిపించింది. తర్వాత తొడలున్న సంగతి కూడా తెలియలేదు. జుంటి పక్కకు చూసింది. పక్కనున్న బండ ఛాతీ మీద తెల్లని చార ఉంది. ఎలుగుల ఛాతీ మీద ఉండే చార లాంటిదే. బండ కొన మీద ఒక చెద పాకుతోంది.

బండ ముక్కుపుటం అదిరింది.

జుంటి కెవ్వుమని అరిచి, కాళ్లు రాకపోయినా పాకుతూ లోయ బయట పడింది.

ఆ రోజు నుంచి అది అలుగత్త మాట తప్పలేదు. లోయ జోలికి పోలేదు. వేర్లు తవ్వుకుంది, పళ్లు ఏరుకుంది. నాలుగు ముద్దలు తినడం, లేచి తిరగడం. మిగతా ఎలుగులు "అరకడుపుదొచ్చింది!" అని నవ్వాయి. "నవ్వుకోండి నాయనా, నవ్వితే పొట్ట బిగుస్తుంది," అని జుంటి వాటి ముందే వెల్లకిలా పడుకుని పిరుదులు ఎత్తింది. మెల్లమెల్లగా నడుం కింద సందు తగ్గింది. కప్ప దూరలేకపోయింది. తర్వాత మిడత దూరలేకపోయింది. చివరికి చీమ కూడా ఆగి, చుట్టూ తిరిగి వెళ్లింది.

ఒక మిట్టమధ్యాహ్నం జుంటి దుంపలు తవ్వుతూ అలవాటుగా, "ఇప్పా, ఉన్నావా?" అంది.

తిరిగి చూస్తే పిల్ల లేదు.

గుహలో లేదు. వాగు దగ్గర లేదు. తడి నేల మీద చిన్న చిన్న అడుగులు మాత్రం లోయ వైపు పోయాయి. జుంటి ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తింది.

లోయ నిండా పొగమంచు. నడినెత్తిన ఎండ ఉన్నా మంచు కరగలేదు. పుట్ట ముందు ఒక చిన్న బండ కొత్తగా కనిపించింది. దగ్గరికెళితే అది ఇప్ప! చతికిలబడి, ముందుకు వంగి, ముక్కు కన్నంలో పెట్టి ఉంది. నడుం నుంచి కిందికంతా చల్లగా, నల్లగా, రాయిలా ఉంది.

"ఇప్పా! తల్లీ!"

ఇప్ప తిరగలేదు. జుంటి రెండు చేతులతో పట్టి లాగింది. కదల్లేదు.

"లాగకు, దానికి నొప్పి లేదు," అంది గొంతు. "నువ్వూ అలసిపోయావు. పక్కన కూర్చో. ఇద్దరూ ఒకచోట ఉంటారు. పులి భయం కూడా ఉండదు."

 పులి లేని చోటు! ఇన్నాళ్లూ జుంటి కోరుకున్నది అదే. ఒక్క క్షణం కూర్చోబోయింది. అంతలో ఇప్ప వెన్ను మీద తన చెయ్యి పడింది. ఆ చిన్న నడుం అప్పుడే లోపలికి గుంటపడి ఉంది. ఒకప్పటి తన నడుంలాగే.

జుంటి కూర్చోలేదు. మోకాళ్లు వంచింది. పిల్లను పొట్టకు హత్తుకుంది. తోక లోపలికి దోపి, పొట్ట బిగించి, ఊపిరి వదులుతూ, తొడల బలంతో, తుంటి బలంతో పైకి లేచింది. నేలలో వేరు తెగినట్టు ఫట్‌మంది. ఇప్ప చేతిలోకి వచ్చేసింది. చుట్టూ ఉన్న బండలన్నీ ఒక్కసారి మూలిగాయి.

జుంటి వెనక్కి చూడలేదు. పిల్లను వీపు మీద వేసుకుని వాగు దగ్గరికి వచ్చింది. పులి రెల్లులోంచి బయటికొచ్చి పక్కపక్కనే నడిచింది. దాని కళ్లు ఇప్ప కాళ్ల మీదే ఉన్నాయి. ఇప్పకు ఇంకా పట్టుకునే శక్తి లేదు. కానీ జుంటి వీపు ఒరగలేదు, కుంగలేదు. పిల్ల జారలేదు. అవతలి ఒడ్డు చేరేసరికి పులి ఆవులించి ఆగిపోయింది.

గుహలో జుంటి పిల్ల కాళ్లు రుద్దుతూ కూర్చుంది. సాయంత్రానికి ఇప్ప బొటనవేలు కదిలింది.

"అక్కడికి ఎందుకెళ్లావు తల్లీ? ఎవరు పిలిచారు?" అని అడిగింది జుంటి.

"నువ్వే కదమ్మా," అంది ఇప్ప. "కూర్చో తల్లీ, ఇంకాస్త, ఇంకాస్త అన్నావు. నీ గొంతే."

ఇంకాస్త, ఇంకాస్త అని పుట్ట ముందు కూర్చుని తాను అన్న మాట జుంటికి గుర్తొచ్చింది. తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచింది. "రా, నా పక్కన పడుకో. నడుం నేలకు ఆనించు. నేను చేసినట్టు చెయ్యి," అంది.

నీతి: కూర్చుని వంగిన నడుం రోజూ కాస్త కాస్త కదిలిస్తేనే నిలబడుతుంది. పిల్లలు నిటారుగా పెరగాలంటే ముందు పెద్దలు లేవాలి.